రాజుగారి ఒంటిమీద బట్టల్లేవన్నది ఎవరు? – బాలల నాటికల్లో పాత్రల పంపకం

బాలల నాటికల పుస్తకం ఏది తెరిచినా మొదటి పుటలో పాత్రల పట్టిక ఉంటుంది. రాజు, మంత్రి, రాకుమారి, రాజగురువు అని వరసగా పేర్లు. అవి అయిపోయాక, ఇక రాయవలసింది ముఖ్యమైనదేమీ లేదన్నట్టు "భటులు ఇద్దరు, చెలికత్తెలు ఇద్దరు, ప్రజలు కొందరు" అని ఉంటుంది. ఈ "కొందరు" దగ్గర మన విమర్శ పెద్దగా ఆగలేదు. బాలసాహిత్యం గురించి రాసినప్పుడల్లా మనం వస్తువును చూశాం, సందేశాన్ని చూశాం, మూఢనమ్మకాలున్నాయా లేవా అని చూశాం, భాష పిల్లల స్థాయికి తగినట్లుందా అని చూశాం. ఆ పుస్తకం నలభైమంది పిల్లలున్న తరగతిగదిలోకి వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో చూడలేదు. అక్కడ ఎనిమిదిమందికి మాట దక్కుతుంది. ముప్ఫై ఇద్దరికి దక్కదు. ఆ ఎనిమిదిమందిని ఏరినప్పుడే నాటికకు మొదటి వ్యాఖ్యానం జరిగిపోతుంది. తెర లేచాక మనం చూసేది దాని శుద్ధప్రతి మాత్రమే.

పాత్రల పంపకాన్ని సాహిత్య విమర్శ పరిధిలోకి తేవడం కొందరు మిత్రులకు అతిగా తోచవచ్చు. అది పంతుళ్ళ వ్యవహారం, రచయితలకు సంబంధం లేదని వారనవచ్చు. తెలుగు ఎం.ఏ. చదివి, పంతొమ్మిదేళ్ళుగా మండల పరిషత్తు బళ్ళలో చిన్నపిల్లలకు పాఠం చెబుతున్నవాణ్ణి నేను. ఈ రెండు వ్యవహారాలను విడదీసే గీత నాకు ఎక్కడా కనిపించలేదు. పట్టికలో "కొందరు" అని రాసింది రచయిత. ఆ కొందరిని ఏరేది పంతులు. ఒకరి నిర్లక్ష్యాన్ని మరొకరు పూర్తిచేస్తున్నారు.

ప్రాథమిక పాఠశాలలో నాటకం ఎలా తయారవుతుందో తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఆగస్టు 15, నవంబరు 14, జనవరి 26, ఆ తర్వాత వార్షికోత్సవం, ఇవీ సందర్భాలు. ఐదు తరగతులకు ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో సాధనకు దొరికేది మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట, లేదా బడి వదిలాక ఒక గంట. వేషాలు ఐదు నిమిషాల్లో పంచేస్తారు. "నువ్వు రాజువి, నువ్వు మంత్రివి, మీరిద్దరూ ఈటెలు పట్టుకు నిలబడండి." అంత తొందరలో ఉపాధ్యాయుని కంటికి ఆనేదేమిటి? పిల్ల ఎర్రగా బుర్రగా ఉందా, గట్టిగా చెప్పగలదా, ఇంట్లోవాళ్ళు పట్టుబట్టలు పంపగలరా, బడి వదిలాక ఆగగలదా. చూడడానికి ఇవన్నీ పిల్లల గుణాలే. కాస్త గోకి చూస్తే ఇంటి ఆస్తిపాస్తుల జాబితా బయటపడుతుంది.

రంగు సంగతే తీసుకుందాం. నేను చూసిన బళ్ళలో భారతమాత ఎప్పుడూ తెల్లగానే ఉంది. ఈ దేశంలో ఎండలో వంగి నాట్లు వేసే ఆడవాళ్ళ రంగు ఆమెకు ఒక్కసారీ రాలేదు. ఒకవేళ గత్యంతరం లేక చామనఛాయ పిల్లను నిలబెట్టినా, నిలబెట్టే ముందు అరడబ్బా పౌడరు రాస్తారు. నల్లని పిల్లలకు వేషాలు లేవని కాదు. శూర్పణఖ ఉంది, హిడింబి ఉంది, నరకాసురుడి పక్కన నిలబడే అసురులున్నారు. ఆ వేషాలకు పౌడరు అక్కరలేదని నవ్వుతూ అనేవారిని నేను ఎరుగుదును. ఆ నవ్వు పిల్లల చెవిన పడుతుంది.

బడి వదిలాక ఆగడం అన్నదీ చిన్న విషయం కాదు. తమ్ముణ్ణి ఎత్తుకోవలసిన పిల్ల ఆగలేదు. మేకల్ని తోలుకురావలసిన పిల్లవాడు ఆగలేడు. పైగా వార్షికోత్సవాలు వచ్చేది జనవరి నుంచి మార్చి లోపు. మిరపకోతలు కూడా సరిగ్గా అప్పుడే. తల్లిదండ్రులతో పాటు కోతలకు పోయే పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి గాని పాత్రల పట్టికలోకి పరిశీలనకైనా రావు. ప్రైవేటు బళ్ళలో సంగతి ఇంకా తేటగా ఉంటుంది. అక్కడ వేషానికి అద్దె ఇంత అని చీటీ ఇంటికి వెళుతుంది. డబ్బు కట్టినవారి పిల్లలు ముందు వరసలో, కట్టలేనివారి పిల్లలు ప్రేక్షకుల్లో. దీనిలో ఎవరికీ దురుద్దేశం ఉండనక్కరలేదు. వర్గసమాజం మనుషుల దురుద్దేశం మీద ఆధారపడి నడవదు.

మన లాక్షణికులు దీనికంతటికీ పనికివచ్చే ఒక మంచి మాట తయారుచేసి ఉంచారు: ఔచిత్యం. ఎవరికి ఏది తగునో అది. బడిలో దీన్ని "వేషానికి సరిపోయాడు" అంటారు. అయితే మన శాస్త్రంగాని, మన రంగస్థలంగాని శరీరం పాత్రకు సరిపోయి తీరాలని అన్నాయా? భరతుడు నటుడికీ పాత్రకూ గల సంబంధాన్ని మూడు విధాలుగా చెప్పాడు. తన లింగానికీ వయసుకూ తగిన పాత్ర ధరించడం అనురూప. బాలుడు వృద్ధుడిగా, వృద్ధుడు బాలుడిగా రావడం విరూప. పురుషుడు స్త్రీగా, స్త్రీ పురుషుడిగా రావడం రూపానుసారిణి. ఈ స్వేచ్ఛను తెలుగు రంగస్థలం ఎంత వాడుకోవాలో అంతా వాడుకుంది. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా నిలబడితే జనం విరగబడి చూశారు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) కూచిపూడి సత్యభామకు పర్యాయపదమయ్యాడు. ఔచిత్యభంగం జరిగిందని ఎవరూ గోల పెట్టలేదు. లింగాన్ని దాటవచ్చు, వయసును దాటవచ్చు. మాలపల్లె పిల్లవాడు రాముడి వేషం కట్టే మాట వచ్చేసరికి మాత్రం ఔచిత్యం గుర్తుకొచ్చింది. అంచేత ఔచిత్యం అనేది శరీరానికి సంబంధించిన సూత్రంగా ఎన్నడూ పనిచేయలేదు. అది దాటరాని గీత ఒక్కదాన్నే కాపలా కాసింది.

అదే నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో నాట్యం ఎందుకు పుట్టిందో ఒక కథ ఉంది. వేదాలు వినే అధికారం శూద్రులకు లేదు కాబట్టి అన్ని వర్ణాలవారికీ పనికివచ్చే ఐదవ వేదాన్ని సృష్టించమని దేవతలు బ్రహ్మను అడిగారట. గ్రంథం చివరికి వచ్చేసరికి భరతుని కుమారులు ఋషులను వెక్కిరించే ప్రదర్శన ఇచ్చి, శూద్రులు కమ్మని శాపం పొందుతారు. అందరికోసం పుట్టిన కళ గురించిన గ్రంథమే పెద్దల్ని వెక్కిరించినవారికి వేసే శిక్ష ఏమిటో కూడా చెప్పి ముగుస్తున్నది.

తెలంగాణలో చిందు భాగోతం చూసినవారికి మరో సంగతి తెలుసు. చిందు మాదిగలు తరతరాలుగా రాజులుగా, దేవతలుగా వేషం కట్టారు. చిందు ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టింది. బడి గోడకు ఆవల, ఊరి నడిబొడ్డున కిరీటం పెట్టుకుని రాత్రంతా గద్యపద్యాలు చెప్పగలిగిన జాతి పిల్లలు, బడి గోడకు ఈవల అట్టముక్క ఈటె పట్టుకుని నిలబడుతున్నారు. అభినయం చేతకాకనా?

ఓంప్రకాశ్ వాల్మీకి (1950–2013) హిందీలో రాసిన ఆత్మకథ 'జూఠన్' 1997లో వచ్చింది. అందులో బడి ఊడ్పించిన సంగతి అందరూ ప్రస్తావిస్తారు. నాకు అంతకంటె ఎక్కువగా మనసులో నిలిచిపోయిన చోటు వేరే ఉంది. వార్షికోత్సవానికి నాటకం సాధన జరుగుతుంటే, తనకూ ఒక వేషం దొరికితే బాగుండునని ఆ పిల్లవాడు తలుపు బయట నిలబడి చూస్తుంటాడు. ప్రతిసారీ తలుపు బయటే. పెద్దవాడై, ఎన్నో అవమానాలు పడి, ఎన్నో పుస్తకాలు రాసిన మనిషి, బడి నాటకంలో దొరకని వేషాన్ని మరిచిపోలేదు. బడిని ఊడ్పించినవాడు క్రూరుడని ఎవరైనా ఒప్పుకుంటారు. వేషం ఇవ్వనివాడు? అతడు నాటకం బాగా రావాలని కోరుకున్న కళాభిమానిగా మిగిలిపోతాడు. ఇక్కడే విమర్శకుడికి పని ఉంది.

కర్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చి చూశారు. 2006లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఎవరి కులమేదో చెప్పకుండా పని ఇచ్చినప్పుడు అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పేరూ కులమూ పైకి చదివి ఆ తర్వాత పని ఇచ్చేసరికి దళిత పిల్లలు వెనకబడ్డారు. అదే బుర్ర, అదే కాగితం. మధ్యలో ఒక ప్రకటన జరిగింది, అంతే. మనం ఏటా వేదిక మీద, మైకు పెట్టి, ఊరందరి ముందూ చేస్తున్నదీ ఆ ప్రకటనే. కులం పేరు నోటితో చదవం. ఈటె చేతికిస్తాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఒకే పిల్లవాడి చేత ఈటె పట్టించడం ఏ సెక్షన్ కిందికి వస్తుందో న్యాయవాద మిత్రులు చెప్పాలి.

భాష సంగతి తెలుగు చదివినవాడిగా నేను దాటిపోలేను. గురజాడ 'కన్యాశుల్కం'లో ఎవరి నోటి మాట వారికి ఇచ్చాడని మనం తరగతుల్లో పాఠం చెబుతాం. 1897లో మొదటి కూర్పు, 1909లో రెండో కూర్పు వచ్చాయని సంవత్సరాలు కూడా చెబుతాం. ఆ తర్వాత నూరేళ్ళకు వచ్చిన బాలల నాటికల్లో జరుగుతున్నదేమిటి? రాజుకు, ఉపాధ్యాయుడికి, ఆదర్శబాలుడికి పుస్తకం భాష. నౌకరుకు, దొంగకు, తాగుబోతుకు యాస. అది నవ్వు పుట్టించడం కోసం. "సెప్పండి బాబయ్యా" అనగానే ప్రేక్షకులు నవ్వాలి. ఇంట్లో "సెప్పు" అనే మాటే వింటూ పెరిగిన పిల్లవాడు ఆ నాటికలో ఏ వేషానికి సరిపోతాడో వేరే చెప్పనక్కరలేదు. వాడి తల్లి మాట్లాడే భాష హాస్యపాత్ర భాష అని వాడికి ఆ రోజే తెలుస్తుంది. ఇక ఇంట్లో తెలుగే లేని పిల్లల మాట. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నాడు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టింది. పాఠానికి పనికివచ్చిన కోయ, సవర, గోండి నాటకానికి ఎందుకు పనికిరావు? వాటిలో పిల్లల నాటికలు రాయించే పని మన సంఘాలైనా ఎంతవరకు పట్టించుకున్నాయి?

మన సంఘాలు అన్నాను కాబట్టి ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. అభ్యుదయ దృక్పథంతో రాసిన బాలల నాటికలు పాత్రల పట్టిక విషయంలో భిన్నంగా ఉన్నాయా అంటే, లేవనే చెప్పాలి. రాజు స్థానంలో భూస్వామి వచ్చాడు. రాకుమారుడి స్థానంలో చైతన్యవంతుడైన యువకుడు వచ్చాడు. అతనికి పుటన్నర ఉపన్యాసం ఉంటుంది. చివర "ప్రజలు (ఒక్కసారిగా)" అని బ్రాకెట్లో రాసి ఒక నినాదం ఇస్తారు. చరిత్రను నిర్మించేది ప్రజలని మనం వ్యాసాల్లో రాస్తాం. నాటికలో ఆ ప్రజలకు పేరు లేదు, పని లేదు, ఒకరితో ఒకరికి అభిప్రాయ భేదం లేదు. ఉన్న ఒక్క నినాదాన్నీ ఒక్కసారిగా అనాలి. ఇది శిల్పలోపమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ప్రజలంటే ఎవరని రచయిత అనుకుంటున్నాడో అది అక్కడ బయటపడుతున్నది.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్నకు వస్తాను. బళ్ళలో తరచు ఆడే నాటికల్లో 'రాజుగారి కొత్త బట్టలు' ఒకటి. మూలం హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ప్రచురించిన కథ. ఇద్దరు మోసగాళ్ళు నేతగాళ్ళమని చెప్పి, మూర్ఖులకూ అనర్హులకూ కనిపించని బట్ట నేస్తామని రాజును నమ్మిస్తారు. ఖాళీ మగ్గం ముందు కూర్చుని నేస్తున్నట్టు నటిస్తారు. చివరకు ఊరేగింపులో ఒక పసివాడు నిజం చెబుతాడు.

నేనిప్పుడు పనిచేస్తున్న ఊళ్ళో గుంటమగ్గాలున్నాయి. సగం మూలపడ్డాయి గాని శబ్దం ఇంకా వినిపిస్తుంది. ఈ నాటికను నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చదివి వినిపిస్తుండగా వెనక వరసలోంచి ఒక పిల్లవాడు, "మాస్టారూ, నేసేవాళ్ళు దొంగలా?" అన్నాడు. ఆండర్సన్ కథలో వాళ్ళు నేతగాళ్ళు కారు, నేతగాళ్ళమని చెప్పుకున్నవాళ్ళు. మా చేతికి వచ్చిన తెలుగు నాటికలో ఆ తేడా ఎగిరిపోయి, పాత్రల పట్టికలో "నేతగాళ్ళు ఇద్దరు (మోసగాళ్ళు)" అని మిగిలింది. ఇంతలో ఇంటిదగ్గర కండెలు చుట్టే ఒక పిల్ల అసలు మర్మం పట్టుకుంది. "మగ్గమ్మీద పడుగు లేకుండా నాడె ఎట్టా ఆడుద్ది మాస్టారూ? చూస్తే తెలవదా?"

తెలుస్తుంది. మగ్గం ఎన్నడూ చూడని మంత్రికి తెలియదు. బట్ట కట్టడమే తప్ప బట్ట ఎలా పుడుతుందో ఎరగని ఆస్థానం మాత్రమే ఆ మోసానికి లొంగుతుంది. ఈ కథను గురించి నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఎక్కడా ఈ మాట తగల్లేదు. ఆ పిల్లకు అది వ్యాఖ్యానం కూడా కాదు, ఇంటి సంగతి. ఆమెకు చెలికత్తె వేషం ఇచ్చి నోరు కట్టేసి ఉంటే నాటిక ఈ అర్థాన్ని పోగొట్టుకునేది. పిల్లలకు సమానంగా వేషాలివ్వడం దయతో చేసే పని అనుకునేవారు దీన్ని గమనించాలి. ఇక్కడ లాభం నాటికకు.

పిల్లలే నాటిక మార్చారు. మోసగాళ్ళు పట్నం నుంచి వచ్చిన షావుకార్లయ్యారు. కండెలు చుట్టే ముసలమ్మ ఒకతె కొత్తగా వచ్చి, మగ్గం ఉన్న గదిలోకి తొంగిచూసి, పడుగూ లేదు పేకా లేదని గొణుక్కుంటూ వెళ్ళిపోతుంది. ఆమె మాట ఎవరూ వినిపించుకోరు. ఊరేగింపు చూసే "ప్రజలు కొందరు" పద్నాలుగుమంది అయ్యారు. చాకలికీ, దర్జీకీ, బట్టలమ్మే మూటవాడికీ, సిపాయికీ తలా ఒక అనుమానం. రాజు ఒంటిమీద బట్టలుంటే ఉతకవలసింది ఎవరు? ఈ ప్రశ్న చాకలి వేషం కట్టినవాడు సాధనలో తనంతట తానే వేశాడు.

ఇక చివరి వాక్యం ఎవరిది? బళ్ళలో అది ఎప్పుడూ బాగా చదివే పిల్లవాడికి, ముద్దుగా ఉండే పిల్లవాడికి పోతుంది. ఆండర్సన్ చెప్పులు కుట్టేవాని కొడుకు, తల్లి బట్టలుతికింది. అయినా అతని కథలో నిజం చెప్పే అర్హత అమాయకత్వానికి దక్కింది. పైగా ఆ పసివాడు కథలోకి చివరి క్షణంలో, అచ్చు ప్రూఫులు దిద్దే సమయంలో వచ్చాడు. ఈ కథకు పాత రూపం ఒకటుంది. స్పెయిన్ దేశపు రాజకుటుంబీకుడు డాన్ హువాన్ మాన్యుయెల్ 1335లో ముగించిన కథల సంపుటిలో ఉంది. అక్కడ ఆ బట్ట మూర్ఖులకు కాదు, తండ్రి అనుకున్నవాడికి పుట్టనివారికి కనిపించదు. అంటే అది పుట్టుక పరీక్ష. పుట్టుక మీద ఆస్తీ అధికారమూ ఆధారపడినవారందరూ బట్ట బ్రహ్మాండంగా ఉందంటారు. చివరకు నోరు విప్పేది రాజు గుర్రాన్ని చూసుకునే నల్లజాతి సేవకుడు. తన తండ్రి ఎవరైనా తనకు పోయేదేమీ లేదు కాబట్టి అతడు చూసింది చెప్పగలిగాడు. ఐదువందల ఏళ్ళ తర్వాత ఆ సేవకుడి వాక్యం పసివాడి నోట్లోకి వెళ్ళింది. మన బళ్ళలో పెద్దింటి పసివాడి నోట్లోకి వెళ్ళింది. నా దృష్టిలో ఆండర్సన్ చేసిన మార్పు కథను అందంగా చేసింది, కాని బలహీనం కూడా చేసింది. అమాయకత్వం పెద్దయ్యేసరికి పోతుంది. పోగొట్టుకునేది లేకపోవడం అంత తొందరగా పోదు.

మేం ఆ వాక్యాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మూడువారాల పాటు అందరూ అన్ని వేషాలూ వేశారు. నిన్నటి రాజు ఇవాళ సిపాయి. ఏటా రాజు వేషం వేసే పిల్లవాడికి సిపాయిగా ఐదు నిమిషాలు కదలకుండా నిలబడడం చేతకాలేదు. ఏటా చెలికత్తెగా నిలబడే పిల్లకు మాత్రం రాజు మాటలు, మంత్రి మాటలు, అందరి మాటలూ కంఠతా వచ్చాయి. మాట దొరకనివాళ్ళు ఇన్నేళ్ళూ వింటూ నిలబడ్డారు మరి.

ఇదేమీ నా కల్పన కాదు. 1918లో రష్యాలోని ఓరెల్ పట్టణంలో యుద్ధంలో అనాథలైన పిల్లలతో ఆస్యా లాసిస్ నాటకశాల నడిపింది. ఆ అనుభవం ఆధారంగా వాల్టర్ బెంజమిన్ 1928–29 ప్రాంతంలో కార్మికవర్గ బాలల నాటకశాలకు ఒక కార్యక్రమం రాశాడు. ప్రదర్శన కంటె దానికి ముందు పిల్లల మధ్య జరిగే పనే అసలుదని అతని అభిప్రాయం. బ్రెహ్ట్ 1930లో కుర్ట్ వైల్ సంగీతంతో 'ఔననేవాడు' అనే బడిపిల్లల సంగీతనాటకం తయారుచేశాడు. ప్రయాణంలో జబ్బుపడిన కుర్రవాడు, పాత ఆచారం ప్రకారం తనను లోయలోకి తోసెయ్యడానికి ఒప్పుకుంటాడు. బెర్లిన్‌లోని కార్ల్ మార్క్స్ పాఠశాల విద్యార్థులు దీన్ని చర్చించి, వాడెందుకు ఒప్పుకోవాలని నిలదీశారు. బ్రెహ్ట్ వాళ్ళ అభ్యంతరాలను అచ్చువేసి, నాటకాన్ని మార్చి, పక్కనే 'కాదనేవాడు' అని రెండోది రాశాడు. అంతటి నాటకకర్త బడిపిల్లల మాట మీద కలం దిద్దుకున్నాడు. మన బాలల నాటికల రచయితలు అచ్చయ్యేలోపు ఒక్క తరగతిగదిలోనైనా చదివి వినిపిస్తున్నారా?

ప్రతిభ మాటేమిటని అడుగుతారు. బాగా చేసేవాణ్ణి పక్కకు నెట్టడం న్యాయమా? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథ చెబుతుంటే గొంతు చూసి జనం కూర్చున్నారు, పేరు చూసి కాదు. ప్రతిభ అన్నది ఉంది. కాని ఎనిమిదేళ్ళ పిల్లల్లో మనం ప్రతిభ అని పిలిచేది చాలాసార్లు అలవాటు మాత్రమే. ఒకటో తరగతిలో వేషం దొరికినవాడికి రెండో తరగతిలో భయం పోతుంది, మూడో తరగతిలో వాడు ప్రతిభావంతుడవుతాడు. వాడి పక్కన నిలబడినవాడు అదే మూడేళ్ళలో సిగ్గరి అవుతాడు. నిజంగా సిగ్గరి అయిన పిల్లలూ ఉంటారు. వాళ్ళను బలవంతాన ముందుకు నెట్టడం మరో హింస. తెర లాగడం, డప్పు వాయించడం, వెనకనుంచి మాట అందించడం కోరి తీసుకున్నవాళ్ళకు అవి మంచి పనులే. ఎప్పుడూ వాళ్ళకే అంటగడితే కాదు.

సమానత్వం పేరిట జరిగే మరో పొరపాటు కూడా ఉంది. ఏప్రిల్ 14న అంబేద్కర్ వేషం దళితవాడ పిల్లవాడికే ఇస్తారు. నీలం కోటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం. అదే పిల్లవాడు ఆగస్టు 15న నెహ్రూ కాడు, గాంధీ కాడు. రెడ్డిగారి అబ్బాయికో కమ్మవారి అబ్బాయికో అంబేద్కర్ వేషం ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా ఇంట్లో ఊరుకుంటారని నమ్మకం లేదు. చారిత్రక నాటికల్లో ముస్లిం పిల్లవాడికి సుల్తాను వేషం సిద్ధంగా ఉంటుంది. కాలు సరిగా లేని పిల్లకు కుంటి బిచ్చగత్తె వేషం సహజంగా ఉంటుందంటారు. పిల్లవాడు ఏదై పుట్టాడో వేదిక మీద కూడా అదే కావాలని పట్టుబట్టడం నాటకం మౌలిక ధర్మానికే విరుద్ధం. మరొకరు కావడం కోసమే గదా ముఖానికి రంగు పూసేది!

చీటీలు వేసి తుది వేషాలు నిర్ణయించాం. బాగా చేసే పిల్లవాడి తల్లి బడికి వచ్చి, "మావాడేం తప్పు చేశాడండీ మాస్టారూ?" అని అడిగింది. తప్పేమీ లేదనీ, మూటవాడి వేషం కూడా పెద్దదేననీ చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. ఆమె ప్రశ్నలో న్యాయం లేదని నేననను. వేషాలు తక్కువ, పిల్లలు ఎక్కువ అయినంతకాలం ఏ చీటీ అయినా ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు పెడుతుంది. అంచేతనే పట్టిక రాసే రచయిత దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళవలసి వస్తున్నది.

చివరి వాక్యం చీటీ ఐదో తరగతి పిల్లవాడికి వచ్చింది. ఇంట్లో మగ్గం మూలపడ్డాక వాళ్ళ నాన్న కూలికి పోతున్నాడు. వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు ఇంటిల్లిపాదీ మిరపకోతకు గుంటూరు వైపు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం రాజుగారు ఊరేగింపుగా వచ్చినప్పుడు వాడి వాక్యాన్ని పక్కనున్న దర్జీ చెప్పాడు. బోర్డు మీద రాసిన పట్టికలో వాడి పేరు కొట్టెయ్యడానికి పిల్లలు ఒప్పుకోలేదు. వాడి పేరు పక్కనే దర్జీ పేరు కూడా రాశారు.